వివాదాస్పద దర్శకుని ఉత్థానపతనాలు: గూడవల్లి రామబ్రహ్మం చలనచిత్ర ప్రస్థానం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు చలనచిత్ర చరిత్రలో సమకాలీన సామాజిక సమస్యను కథావస్తువుగా స్వీకరించి, దాని వల్లనే కీర్తినీ వివాదాన్నీ ఎదుర్కొన్న తొలితరం దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) చిత్రాలతో ఆయన అనతికాలంలోనే శిఖరస్థాయికి చేరాడు. 1940 తర్వాత తీసిన చిత్రాలకు అంతటి ప్రాధాన్యం దక్కలేదు. 1946లో మరణించే నాటికి ఆయన జానపద, చారిత్రక కథల వైపు మళ్లాడు. ఈ పరిణామాన్ని దర్శకుని ప్రతిభ క్షీణించిన ఫలితంగా చూడడం పరిపాటి. ఆనాటి రాజకీయ వాతావరణం, పెట్టుబడి స్వభావం, సెన్సారు వ్యవస్థ, యుద్ధకాలపు నిబంధనలు అనే నాలుగు అంశాల వెలుగులో ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికా దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ ప్రస్థానంతో పోలికను, తెలంగాణ చారిత్రక సందర్భాన్ని కూడా ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: గూడవల్లి రామబ్రహ్మం, మాలపిల్ల, రైతుబిడ్డ, సారథి ఫిలిమ్స్, జమీందారీ వ్యవస్థ, సెన్సారు, సాంఘిక చిత్రం, గ్రిఫిత్.

1. ఉపోద్ఘాతం

ఒక కళాకారుని జీవితాన్ని ఉత్థానం, పతనం అనే రెండు ఘట్టాలుగా విభజించి చెప్పడం జీవితచరిత్ర రచనలో స్థిరపడిన పద్ధతి. చలనచిత్ర దర్శకుల విషయంలో ఈ పద్ధతి మరింత బలంగా కనిపిస్తుంది. సినిమా ఆడిందా లేదా అన్న లెక్క ప్రతి చిత్రం వెంటా ఉంటుంది కనుక, దర్శకుని జీవితం కూడా ఆ లెక్కల జాబితాగా మిగిలిపోతుంది. ఆ జాబితాలో కనిపించే ఎత్తుపల్లాలకు కారణాలను దర్శకుని స్వభావంలోనో, అదృష్టంలోనో వెదకడం మామూలయింది.

చరిత్ర విద్యార్థికి ఈ వివరణ చాలదు. చలనచిత్రం ఒక్క వ్యక్తి సృష్టి కాదు. డబ్బు పెట్టినవాడు, కథ ఇచ్చినవాడు, అనుమతి పత్రం ఇచ్చిన అధికారి, ముడిఫిల్ము సరఫరా, ప్రదర్శనశాల యజమాని, చివరకు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు - వీరందరి మధ్య కుదిరిన ఒప్పందం వంటిది అది. ఆ ఒప్పందం ఎప్పుడు కుదిరింది, ఎప్పుడు చెడింది అన్నది తేలితే ఉత్థానపతనాలకు అర్థం మారుతుంది.

గూడవల్లి రామబ్రహ్మం ఈ రకమైన పరిశీలనకు అనువైన వ్యక్తి. ఆయన దర్శకుడిగా పనిచేసిన కాలం ఎనిమిదేళ్లకు మించదు. ఆ ఎనిమిదేళ్లలోనే మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడి రాజీనామా చేసింది; రెండవ ప్రపంచ యుద్ధం మొదలై ముగిసింది; జమీందారీ వ్యవస్థ రద్దు ఒక కోరిక స్థాయి నుండి శాసనం అంచు వరకు వచ్చింది. ఆయన చిత్రాల జాబితాను ఈ సంఘటనల పక్కన ఉంచి చదవడం అవసరం.

2. పత్రికారంగం నుండి చిత్రరంగానికి

కృష్ణా జిల్లా నందమూరులో జన్మించిన రామబ్రహ్మం చిత్రరంగానికి వచ్చే ముందు పత్రికా సంపాదకుడు. మద్రాసు నుండి 'ప్రజామిత్ర' పత్రికను నడిపాడు. ఆ పత్రిక ద్వారా సంఘసంస్కరణ, బ్రాహ్మణేతరోద్యమం, జాతీయోద్యమం అనే మూడు ధారలకు చెందిన రచయితలతోను, నాయకులతోను ఆయనకు పరిచయాలు ఏర్పడ్డాయి. తర్వాతి కాలంలో ఆయన చిత్రాలకు పనిచేసిన రచయితల పేర్లు చూస్తే ఈ పరిచయాల విలువ తెలుస్తుంది. గుడిపాటి వెంకటచలం, తాపీ ధర్మారావు, త్రిపురనేని గోపీచంద్, కొసరాజు రాఘవయ్య చౌదరి - వీరిని చిత్రరంగం వైపు నడిపించింది ఒక పత్రికా సంపాదకుని అభిరుచి.

1934లో పి.వి. దాసు మద్రాసులో నెలకొల్పిన వేల్ పిక్చర్స్ సంస్థలో నిర్మాణ వ్యవహారాలు చూడడంతో రామబ్రహ్మం చిత్రరంగ జీవితం ఆరంభమైంది. అంతకు ముందు తెలుగు చిత్రాలు బొంబాయి, కలకత్తా నగరాలలో తయారయ్యేవి. మద్రాసులోనే నిర్మాణం సాగే అవకాశం వేల్ పిక్చర్స్‌తో వచ్చింది. అయితే ఆ సంస్థ తీసిన 'సీతాకల్యాణం' (1934), 'మాయాబజార్' (1936) వంటివన్నీ పౌరాణికాలే. తెలుగులో తొలి సాంఘిక చిత్రంగా పేరొందిన 'ప్రేమవిజయం' (1936) ప్రేక్షకులను ఆకట్టుకోలేదు. సాంఘిక కథకు డబ్బు రాదన్న నమ్మకం నిర్మాతలలో ఆనాడు బలంగా ఉండేది.

ఈ నేపథ్యంలో సారథి ఫిలిమ్స్ అవతరించింది. దానికి ప్రధానంగా ఆర్థిక సహాయం అందించినవాడు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. కృష్ణా జిల్లాలోని పెద్ద జమీందారీలలో చల్లపల్లి ఒకటి. భూమి శిస్తుల ద్వారా పోగైన ధనం సినిమా పెట్టుబడిగా మారడం ఇక్కడ గమనించవలసిన అంశం. ఈ పెట్టుబడే రామబ్రహ్మం ఉత్థానానికి ఆధారమైంది. తర్వాత ఆయన చిత్రాల చుట్టూ అల్లుకున్న వైరుధ్యానికి మూలం కూడా అదే.

3. 'మాలపిల్ల': ఉత్థానం

3.1 కాలం ఇచ్చిన అవకాశం

'మాలపిల్ల' 1938 సెప్టెంబరులో విడుదలైంది. ఆ సంవత్సరానికి ముందున్న ఆరేళ్లలో అస్పృశ్యతా నివారణ దేశ రాజకీయాల కేంద్రంలోకి వచ్చింది. 1932లో పూనా ఒడంబడిక కుదిరింది. 1933-34లో గాంధీజీ హరిజనయాత్ర ఆంధ్ర ప్రాంతంలోనూ సాగింది. 1936 నవంబరులో తిరువాన్కూరు సంస్థానం ఆలయ ప్రవేశ ప్రకటన చేసింది. 1937 జులైలో రాజాజీ నాయకత్వంలో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. 1939లో ఆ ప్రభుత్వమే ఆలయ ప్రవేశానికి సంబంధించిన శాసనాన్ని చేసింది. అంటే 'మాలపిల్ల' విడుదలైన నాటికి ఆలయ ప్రవేశం అధికారంలో ఉన్నవారి కార్యక్రమంలో భాగం. గ్రామాలలో మాత్రం అది తీవ్రమైన ఘర్షణకు కారణమవుతున్న సమస్య. పైన అనుమతి, కింద వ్యతిరేకత ఉన్న ఈ సంధికాలమే చిత్రానికి కలిసివచ్చింది.

పదహారేళ్ల ముందు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) నవల ఎదుర్కొన్న స్థితితో దీనిని పోల్చవచ్చు. ఆ నవలను ప్రభుత్వం నిషేధించింది. పేరులోనే సామ్యం ఉన్న ఈ రెండు రచనల మధ్య ప్రభుత్వ వైఖరిలో వచ్చిన మార్పుకు కారణం కళారూపం మారడం కాదు. మద్రాసు సచివాలయంలో కూర్చున్నవారు మారారు. వస్తువులోని భేదం కూడా తక్కువది కాదు. 'మాలపల్లి'లో కూలి, భూమి, రాజ్యం ప్రశ్నకు గురయ్యాయి. 'మాలపిల్ల'లో ఆచారం ప్రశ్నకు గురయింది. రాజ్యాధికారానికి రెండవదాని వల్ల కలిగే ఇబ్బంది తక్కువ.

3.2 కథ, భాష, సంగీతం

చలం అందించిన కథకు తాపీ ధర్మారావు సంభాషణలు రాశాడు. ఆలయ ధర్మకర్త సుందరరామశాస్త్రి సనాతనవాది. ఆయన కుమారుడు నాగరాజు, హరిజన యువతి శంపాలత పరస్పరం ప్రేమించుకుంటారు. ఊరిలో నిలువలేక కలకత్తాకు వెళ్లిపోతారు. గాంధేయవాది చౌదరయ్య హరిజనుల పక్షాన నిలబడతాడు. మంటలలో చిక్కుకున్న శాస్త్రి భార్యను హరిజన యువకుడు కాపాడడంతో శాస్త్రిలో పరివర్తన కలుగుతుంది. గోవిందరాజుల సుబ్బారావు శాస్త్రి పాత్రను, కాంచనమాల శంపాలత పాత్రను, గాలి వెంకటేశ్వర్లు నాగరాజు పాత్రను పోషించారు.

ఈ చిత్రంలో పాత్రలు మాట్లాడిన భాష ప్రత్యేకంగా పేర్కొనదగినది. అప్పటి వరకు తెలుగు చిత్రాలలో రంగస్థల సంప్రదాయం నుండి వచ్చిన గ్రాంథిక సంభాషణలే వినిపించేవి. గిడుగు వెంకట రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి దృఢమైన మద్దతుదారుడైన తాపీ ధర్మారావు 'మాలపిల్ల'లో నిత్యవ్యవహారంలోని తెలుగును తెరకెక్కించాడు. పుస్తకంలో వ్యావహారికాన్ని చదివేవారు అక్షరాస్యులు మాత్రమే. తెర మీద అదే భాషను చదువురాని వ్యవసాయ కూలీ కూడా విన్నాడు. భాషోద్యమ చరిత్రలో ఈ చిత్రానికి తగిన స్థానం ఇంకా లభించలేదని చెప్పవచ్చు.

1933లోనే కీర్తిశేషుడైన బసవరాజు అప్పారావు గేయాలను భీమవరపు నరసింహారావు సంగీతంతో ఈ చిత్రంలో వాడుకోవడం మరొక విశేషం. గాంధీజీ నిరాడంబరతను కీర్తించిన ఆయన గేయం చిత్రంతో పాటు ఊరూరా చేరింది. భావకవిత్వం, సంస్కరణోద్యమం, వ్యావహారిక భాష - వేర్వేరు మార్గాలలో నడుస్తున్న మూడు ధారలు ఒకే తెర మీద కలిశాయి. పత్రికా సంపాదకుడిగా రామబ్రహ్మం చేసిన పనినే దర్శకుడిగానూ కొనసాగించాడనడానికి ఇది నిదర్శనం.

3.3 వివాదమే ప్రచారం

చిత్రం పేరే ఆనాటి సమాజానికి సవాలు. 'హరిజన' అనే పదం ప్రచారంలోకి వచ్చిన రోజులలో, అంతకు ముందే 'ఆది ఆంధ్ర' అనే పేరును ఉద్యమకారులు స్వీకరించిన ప్రాంతంలో, కులం పేరును నేరుగా గోడపత్రికల మీద అచ్చువేయడం సాహసం. సనాతనులు చిత్రాన్ని గట్టిగా వ్యతిరేకించారు. సినిమా చూసివచ్చిన కొందరు ఇంటికి వెళ్లి శుద్ధిస్నానం చేశారన్న కథనం చలనచిత్ర చరిత్రలలో తరచుగా కనిపిస్తుంది. అది ఎంత విస్తృతంగా జరిగినా, స్నానం చేసినవారు సైతం ముందుగా టిక్కెట్టు కొన్నవారే అన్న సంగతి ఆ కథనంలోనే ఉంది. వ్యతిరేకత చిత్రానికి ప్రచారమైంది. 'మాలపిల్ల' ఘనవిజయం సాధించి, సాంఘిక కథకు డబ్బు రాదన్న నమ్మకాన్ని తొలగించింది.

3.4 పరిమితులు

ఈ విజయాన్ని గుర్తిస్తూనే దాని హద్దులను కూడా గుర్తించాలి. చిత్రంలో మార్పు అగ్రవర్ణ పురుషుని హృదయంలో జరుగుతుంది. హరిజనులు తమ ప్రాణాలకు తెగించి, ఆయన కుటుంబాన్ని కాపాడి తమ యోగ్యతను నిరూపించుకోవలసి వస్తుంది. వారి పక్షాన మాట్లాడే నాయకుడు కూడా వారిలోనివాడు కాడు. వాస్తవ చరిత్రలో పరిస్థితి వేరు. 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. కుసుమ ధర్మన్న వంటి కవులు తమ గొంతుతోనే తమ వేదనను, నిరసనను వినిపించారు. చిత్రం వెలువడిన మూడేళ్లకు జాషువ 'గబ్బిలం' వచ్చింది. ఈ స్వీయగళం 'మాలపిల్ల'లో వినిపించదు. చిత్రం రేపిన వివాదం ప్రధానంగా అగ్రవర్ణాల లోపలి వివాదంగా సాగడానికి కారణం ఇదే. ఆ వివాదంలో దళితులు చర్చనీయాంశంగా ఉన్నారే తప్ప చర్చించేవారుగా లేరు.

4. 'రైతుబిడ్డ': వివాదం మారిన తీరు

4.1 కథావస్తువు, రాజకీయ సందర్భం

'మాలపిల్ల' విజయం ఇచ్చిన ధైర్యంతో రామబ్రహ్మం మరుసటి ఏడాదే 'రైతుబిడ్డ' తీశాడు. నరసిరెడ్డి అనే చిన్న రైతు షావుకారు వద్ద అప్పు పడతాడు. ఎన్నికలలో జమీందారు పక్షానికి కాక రైతుల పక్షానికి ఓటు వేస్తాడు. అందుకు ప్రతిగా అతడు, అతని కుటుంబం హింసకు గురవుతారు. ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ నరసిరెడ్డిగా నటించాడు. సంభాషణల రచయితగా గోపీచంద్, గేయరచయితగా కొసరాజు ఈ చిత్రంతో చిత్రసీమలో ప్రవేశించారు. వేదాంతం రాఘవయ్య కూచిపూడి నృత్యం కూడా ఇందులో చోటుచేసుకుంది.

ఇది ఊహాకల్పిత గ్రామగాథ కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఓటుహక్కును పరిమితంగానైనా విస్తరించింది. పన్ను కట్టే చిన్న రైతు ఓటరు అయ్యాడు. 1937 ఎన్నికలలో జస్టిస్ పార్టీ ఘోరంగా ఓడింది. అంతవరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన బొబ్బిలి రాజా స్వయంగా వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. తన ఎస్టేటులోని రైతు తనకు వ్యతిరేకంగా ఓటు వేయగలడన్న సత్యం జమీందారులకు మొదటిసారిగా అనుభవంలోకి వచ్చింది. ఎన్.జి. రంగా నాయకత్వంలోని రైతు ఉద్యమం 1937-38లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు రైతు రక్షణ యాత్రను నడిపించింది. 1938లో ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం చేసింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన ఎస్టేటు భూముల విచారణ సంఘం, భూమి మీద హక్కు రైతుదేనని, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని నిర్ధారిస్తూ 1938లో నివేదిక సమర్పించింది. అప్పు, ఓటు, భూమి - 'రైతుబిడ్డ' కథలోని మూడు ముడులూ అప్పటి శాసనసభ చర్చలలో ఉన్నవే.

4.2 జమీందారు పెట్టుబడి, జమీందారీ వ్యతిరేక చిత్రం

జమీందారులను విమర్శించే చిత్రానికి ఒక జమీందారు ఎట్లా డబ్బు పెట్టాడు? ఈ ప్రశ్నకు ఆయన ఔదార్యాన్ని సమాధానంగా చెప్పడం తేలిక. చారిత్రకంగా చూస్తే మరి రెండు అంశాలు కనిపిస్తాయి. మొదటిది, జమీందారులు ఒకే వర్గమైనా ఒకే పక్షం కారు. పాత సంస్థానాధీశులైన బొబ్బిలి, వెంకటగిరి ప్రభువులకు జస్టిస్ పార్టీ రాజకీయాలతో ఉన్న బంధం వేరు. కృష్ణా డెల్టాలోని వ్యావసాయిక కులాల నుండి వచ్చిన చల్లపల్లి వంటి జమీందారులకు తమ చుట్టూ ఎదుగుతున్న రైతాంగ నాయకత్వంతో ఉన్న సామాజిక సంబంధం వేరు. రెండవది, 'మాలపిల్ల' తెచ్చిన లాభం. సామాజిక సమస్య వ్యాపారానికి పనికివస్తుందని తేలిన తర్వాత పెట్టుబడిదారునికి వస్తువు మీద అభ్యంతరం తగ్గుతుంది.

అయితే ఈ ఏర్పాటుకు స్థిరత్వం లేదు. తర్వాతి దశాబ్దంలో చల్లపల్లి ఎస్టేటు భూములే కమ్యూనిస్టుల నాయకత్వంలోని భూపోరాటాలకు వేదికయ్యాయి. తెర మీద పరాయి జమీందారుపై తిరుగుబాటును భరించిన పెట్టుబడి, తన పొలం గట్టు మీద తిరుగుబాటును భరించే స్వభావం కలది కాదు. రామబ్రహ్మం నిలబడిన చోటు ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని జాగా.

4.3 నిషేధం

'రైతుబిడ్డ'ను బొబ్బిలి, వెంకటగిరి జమీందారులు వ్యతిరేకించారు. కొన్ని ప్రాంతాలలో దాని ప్రదర్శన నిషేధానికి గురయింది. వెంకటగిరి జమీందారు సమక్షంలో నెల్లూరులో చిత్రం ప్రతులను తగులబెట్టారని చలనచిత్ర చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి.

ఇక్కడ సెన్సారు వ్యవస్థ స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 1920 నుండి మద్రాసులో సెన్సారు మండలి పనిచేస్తున్నది. పోలీసు యంత్రాంగానికి దానిలో పెద్దపీట ఉండేది. మండలి అనుమతించిన చిత్రాన్ని కూడా శాంతిభద్రతల పేరుతో జిల్లా అధికారి నిలిపివేయగలడు. పుస్తకాన్ని నిషేధిస్తే చాటుగా చేతులు మారుతూ చదవబడుతుంది. 'మాలపల్లి' అట్లాగే బతికింది. సినిమాకు ఆ అవకాశం లేదు. దానికి ప్రదర్శనశాల కావాలి, విద్యుత్తు కావాలి, లైసెన్సు కావాలి. లైసెన్సు ఉన్న యజమాని అధికారితో తగవు పెట్టుకోడు. అందుచేత నిషేధం దెబ్బ పుస్తకం కంటే సినిమాకు ఎన్నో రెట్లు అధికం.

కాలం కూడా ఎదురు తిరిగింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయింది. భారత రక్షణ నిబంధనలు అమలులోకి వచ్చాయి. అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసి, పాలన గవర్నరు చేతికి పోయింది. 'మాలపిల్ల'కు పైనుండి దొరికిన పరోక్ష రక్షణ 'రైతుబిడ్డ'కు దొరకలేదు. ఏడాది వ్యవధిలో వచ్చిన ఈ రెండు చిత్రాల భిన్నమైన గతికి ఇది ముఖ్యకారణం. ఒకదానిలో ఎదిరించబడినవాడు ఆలయ ధర్మకర్త. అతనికి నైతికాధికారమే తప్ప ప్రభుత్వ బలం లేదు. రెండవదానిలో ఎదిరించబడినవాడు జమీందారు. న్యాయస్థానం, పోలీసు, ప్రభుత్వం అతనికి అందుబాటులో ఉన్నాయి.

5. 1940 తర్వాత: 'పతనం' పునఃపరిశీలన

'రైతుబిడ్డ' తర్వాత రామబ్రహ్మం దర్శకత్వంలో 'ఇల్లాలు' (1940), 'అపవాదు' (1941), 'పత్ని' (1942), 'పంతులమ్మ' (1943), 'మాయాలోకం' (1945) చిత్రాలు వచ్చాయి. 'పల్నాటి యుద్ధం' నిర్మాణంలో ఉండగా 1946లో ఆయన మరణించాడు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా 1947లో ఆ చిత్రం విడుదలయింది.

ఈ జాబితాను వరుసగా చూస్తే వస్తువులో ఒక క్రమం కనిపిస్తుంది. ఊరి కులవ్యవస్థ, భూమి నుండి కథ ఇంటిలోనికి, భార్యాభర్తల సంబంధంలోనికి ప్రవేశించింది. అక్కడ నుండి తమిళ మహాకావ్యం 'శిలప్పదికారం' కథలోనికి, తర్వాత కాంభోజరాజు జానపద కథలోనికి, చివరకు మధ్యయుగ పల్నాటి వీరగాథలోనికి నడిచింది. ఊరి జమీందారు తెర నుండి తప్పుకున్నాడు. దీనిని దర్శకుడు వెనుకంజ వేసినట్లుగా చదవడం సులభం. అందుకు దోహదం చేసిన పరిస్థితులను విడివిడిగా పరిశీలించాలి.

మొదటిది ముడిఫిల్ము కొరత. యుద్ధకాలంలో ఫిల్ము దిగుమతి తగ్గి, ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లింది. కథాచిత్రం నిడివి 11,000 అడుగులకు మించరాదన్న నిబంధన వచ్చింది. ఎవరికి ఎంత ఫిల్ము ఇవ్వాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిది అయినప్పుడు, ఆ ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే కథను నిర్మాత కోరుకోడు. నిషేధం చేయలేని పనిని కోటా చేసింది.

రెండవది మద్రాసు నగర పరిస్థితి. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడ్డాయి. మద్రాసు జనం నగరాన్ని విడిచి తరలిపోయారు. స్టూడియోల పని దెబ్బతిన్నది. అటువంటి వేళ పెట్టుబడి తెలిసిన కథ వైపు, ఇదివరకే జనం నోళ్లలో నానిన గాథ వైపు మొగ్గడం సహజం.

మూడవది పోటీ. 'మాలపిల్ల' తెరిచిన దారిలో ఇతరులు వేగంగా నడిచారు. వాహినీ సంస్థ తరఫున బి.ఎన్. రెడ్డి 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) తీశాడు. వాటి సంస్కరణ దృష్టి మధ్యతరగతి గృహానికి పరిమితం, సాంకేతికత మెరుగు. నిరుద్యోగం, వితంతు వివాహం, పనిమనిషికి జరిగిన అన్యాయం వంటి అంశాలను ఎవరికీ ఆగ్రహం కలగని మేరకు చెప్పే పద్ధతి స్థిరపడింది. సాంఘిక చిత్రం అనే ప్రక్రియ నిలిచింది. అది పుట్టినప్పుడు ఉన్న పదును తగ్గింది.

నాలుగవది, రామబ్రహ్మం సమకూర్చుకున్న బృందం చెదరడం. ఈ అంశానికి కొసరాజు ఉదంతం మంచి ఉదాహరణ. 'రైతుబిడ్డ'తో పరిచయమైన ఆ జానపద గళం చిత్రసీమలో మళ్లీ బలంగా వినిపించడానికి 1954లో 'పెద్దమనుషులు' వచ్చే దాకా ఆగవలసి వచ్చింది. పల్లె పలుకుకు పదిహేనేళ్ల పాటు తెర మీద గిరాకీ లేకపోవడం ఒక దర్శకుని వ్యక్తిగత వైఫల్యం ఎట్లా అవుతుంది?

ఈ దశలోని చిత్రాలను పూర్తిగా తీసివేయడం కూడా సరికాదు. 'ఇల్లాలు' ద్వారా సాలూరి రాజేశ్వరరావు స్వరాలు తెలుగు లలిత సంగీతానికి కొత్త దారి చూపాయి. ఆయన, బాలసరస్వతి కలిసి పాడిన పాటలు చిత్రం కంటే ఎక్కువ కాలం నిలిచాయి. 'పంతులమ్మ'లో ఉద్యోగం చేసే స్త్రీ కథానాయిక అయింది. 'పల్నాటి యుద్ధం' ఎంపికలో కూడా పాత రామబ్రహ్మం కనిపిస్తాడు. చాపకూడు ద్వారా కులభేదాలను నిరసించిన బ్రహ్మనాయుడు, యుద్ధంలో సేనానిగా నిలిచిన మాల కన్నమదాసు ఉన్న గాథ అది. ఊరిలోని జమీందారును నేరుగా విమర్శించలేని కాలంలో, కులసమత అనే పాత వస్తువును పన్నెండవ శతాబ్దపు వేషంలో చెప్పే ప్రయత్నంగా దానిని చదవవచ్చు.

6. గ్రిఫిత్‌తో పోలిక

వివాదాస్పద దర్శకుడు అనగానే ప్రపంచ చలనచిత్ర చరిత్రలో ముందుగా స్ఫురించే పేరు అమెరికాకు చెందిన డి.డబ్ల్యు. గ్రిఫిత్. 1915లో ఆయన తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' కథాకథన సాంకేతికతలో కొత్త యుగానికి నాంది పలికింది. అదే చిత్రం నల్లజాతి ప్రజలను హీనంగా చిత్రించి, కు క్లక్స్ క్లాన్ అనే హింసాత్మక ముఠాను వీరులుగా నిలబెట్టింది. నల్లజాతి ప్రజల హక్కుల సంఘం దానిపై దేశవ్యాప్తంగా నిరసన తెలిపింది. ఆ ఏడాది చివరలోనే క్లాన్ పునరుద్ధరణ జరిగింది. మరుసటి ఏడాది గ్రిఫిత్ భారీ వ్యయంతో 'ఇంటాలరెన్స్' తీసి ఆర్థికంగా దెబ్బతిన్నాడు. 1919లో చాప్లిన్ తదితరులతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించినా, పెద్ద స్టూడియోల యుగంలో స్వతంత్రంగా నిలువలేకపోయాడు. 1931లో వచ్చిన 'ది స్ట్రగుల్' ఆయన చివరి చిత్రం. తర్వాత పదిహేడేళ్లు పనిలేకుండా గడిపి 1948లో మరణించాడు.

ఇద్దరి ఉత్థానపతనాల రేఖ ఒకే విధంగా కనిపిస్తుంది. ఇద్దరూ స్వతంత్ర పెట్టుబడితో ఎదిగారు. నిర్మాణ వ్యవస్థ మారినప్పుడు వెనుకబడ్డారు. కాని వివాదం స్వభావం పూర్తిగా విరుద్ధం. గ్రిఫిత్ చిత్రంపై నిరసన తెలిపినవారు అణచివేతకు గురైనవారు; రామబ్రహ్మం చిత్రాలపై నిరసన తెలిపినవారు అణచివేసే స్థానంలో ఉన్నవారు. నిరసన ఫలితం కూడా అందుకు తగినట్లే ఉంది. అమెరికాలో నల్లజాతి ప్రజల నిరసన ఆ చిత్రం అపార లాభాలను ఆపలేకపోయింది. ఆంధ్ర ప్రాంతంలో కొద్దిమంది జమీందారుల ఆగ్రహం ఒక చిత్రాన్ని నిలిపివేయగలిగింది. 'వివాదాస్పదం' అన్న విశేషణం ఈ తేడాను కప్పివేస్తుంది. ఎవరికి నొప్పి కలిగింది, వారి చేతిలో ఎంత అధికారం ఉంది అన్న రెండు ప్రశ్నలు వేయనిదే ఆ విశేషణాన్ని పరిశోధనలో వాడరాదు.

చట్టం విషయంలో ఒక సామ్యం ఉంది. 1915లోనే అమెరికా సుప్రీంకోర్టు సినిమాను వ్యాపారంగా మాత్రమే గుర్తించి, దానికి భావప్రకటనా స్వేచ్ఛ వర్తించదని తీర్పు చెప్పింది. 1952లో గాని ఆ దృక్పథం మారలేదు. వలస పాలనలోని భారతదేశంలో కూడా సినిమా లైసెన్సు పొందిన వ్యాపారమే తప్ప అభిప్రాయం కాదు. రామబ్రహ్మం పత్రికా సంపాదకుని మనస్తత్వంతో సినిమా తీశాడు. ప్రభుత్వం దానిని వినోద వ్యాపారంగా అదుపు చేసింది.

7. తెలంగాణ సందర్భం

ఈ చరిత్రను తెలంగాణ నుండి చదివేటప్పుడు మరొక కోణం తెరుచుకుంటుంది. 'రైతుబిడ్డ'లో నరసిరెడ్డి చేతిలోని ఆయుధం ఓటు. అదే కాలంలో నిజాం రాష్ట్రంలోని రైతుకు ఆ ఆయుధం లేదు. దేశ్‌ముఖులు, జాగీర్దారులు, సంస్థానాధిపతుల ఏలుబడిలో వెట్టిచాకిరీ సాగుతున్నది. నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు ఆనాడు నిజామాబాదు జిల్లాలోనివి. దోమకొండ సంస్థానం ఈ ప్రాంతంలోనిదే. 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ నిజామాబాదులో సమావేశమయింది. మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు జరిగిన సంవత్సరమే అది. ఒకచోట రైతు సమస్య శాసనసభకు చేరింది. మరొకచోట తీర్మానాలకు పరిమితమై, చివరకు 1946లో సాయుధ పోరాటంగా మారింది. రామబ్రహ్మం మరణించిన ఏడాది, దొడ్డి కొమరయ్య అమరుడైన ఏడాది ఒకటే.

దొరల పాలనను, రైతాంగ తిరుగుబాటును తెలంగాణ నేల మీద చూపిన 'మా భూమి' 1980లో విడుదలయింది. 'రైతుబిడ్డ'కు, దానికి మధ్య నలభై ఏళ్ల దూరం ఉంది. ఈ దూరాన్ని పూరించే చిత్రాలు ఎందుకు రాలేదన్న ప్రశ్న, రామబ్రహ్మం ఎందుకు వెనుకబడ్డాడన్న ప్రశ్న కంటే పెద్దది. మద్రాసు కేంద్రంగా, కోస్తా వ్యావసాయిక పెట్టుబడితో ఎదిగిన పరిశ్రమకు తెలంగాణ రైతు కథ దూరమైంది. కోస్తా రైతు కథ మరీ దగ్గరై ఇబ్బందికరమైంది. సారథి పేరుతోనే హైదరాబాదు అమీర్‌పేటలో 1950లలో స్టూడియో వెలసినప్పటికీ, ఆ పేరు కింద మొదట వచ్చిన రెండు చిత్రాల స్ఫూర్తి దానితో పాటు రాలేదు.

8. ముగింపు

పై చర్చ నుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

1. రామబ్రహ్మం ఉత్థానానికి ఆయన ప్రతిభతో పాటు 1937-39 మధ్య మద్రాసు రాష్ట్రంలో నెలకొన్న ప్రత్యేక రాజకీయ వాతావరణం, వ్యావసాయిక మిగులు ధనం సినిమాలోకి రావడం, పత్రికారంగం నుండి తెచ్చుకున్న రచయితల బృందం కారణాలు.

2. 'మాలపిల్ల' వివాదం చిత్రానికి లాభించింది. 'రైతుబిడ్డ' వివాదం నష్టం కలిగించింది. ఆచారాన్ని ప్రశ్నించడానికి, ఆస్తిని ప్రశ్నించడానికి మధ్య సమాజం, రాజ్యం పాటించిన భేదమే దీనికి మూలం.

3. 1940 తర్వాతి మార్పును దర్శకుని పతనంగా కంటే, ప్రక్రియకు ఎదురైన సంకోచంగా చూడడం సముచితం. ముడిఫిల్ము నియంత్రణ, యుద్ధం, పెట్టుబడి భయం, పోటీ కలిసి సాంఘిక చిత్రాన్ని ఊరి నుండి ఇంటిలోనికి నడిపించాయి.

4. చిత్రాలలోని సంస్కరణ దృష్టికి పరిమితులు ఉన్నాయి. దళితుల స్వీయగళం, రైతుకూలీ గళం వాటిలో లేవు. రామబ్రహ్మాన్ని విప్లవకారునిగా కీర్తించడం, విఫలుడని తీసివేయడం రెండూ చారిత్రక దృష్టికి దూరం.

విశ్వవిద్యాలయాలలో తెలుగు సినిమాపై జరుగుతున్న పరిశోధన ఎక్కువగా పాటల సాహిత్యం చుట్టూ, నటుల జీవితాల చుట్టూ తిరుగుతున్నది. సెన్సారు మండలి దస్త్రాలు, జిల్లా అధికారుల ఉత్తర్వులు, జమీందారీ ఎస్టేటుల లెక్కల పుస్తకాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు చలనచిత్ర చరిత్రకు ప్రధాన ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది. ఒక చిత్రాన్ని ఎవరు తీశారన్న దానితో పాటు, దానిని ఏ ఊరిలో ఎవరు ఆపగలిగారన్నది కూడా తెలిసినప్పుడే 'రైతుబిడ్డ' వంటి చిత్రానికి న్యాయం జరుగుతుంది.